గ్రాంషీ చెప్పిన 'సమ్మతి' అర్థం కావట్లేదు

ప్రశ్న (దేవరకొండ): ఎంఏ చదువుతున్నాను, సెమినార్‌కి ఇటలీ మార్క్సిస్టు మేధావి గ్రాంషీ టాపిక్‌గా వచ్చాడు. పాలకులు జనం సమ్మతితోనే ఏలుతారట. మరి పోలీసులు, జైళ్లు ఎందుకన్నా? టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఆయన్నే ఇటలీ నియంత ముస్సోలినీ సర్కారు 1926లో జైల్లో పెట్టింది, 1928లో ఇరవై ఏళ్ల శిక్ష వేసింది. లాఠీ సంగతి ఆయనకి తెలియదా తమ్మీ! 1937లో చనిపోయాడు.

జవాబు 2 (నకిరేకల్, రిటైర్డ్ టీచర్‌ని): సమ్మతి ఒక్కటే అనలేదాయన. ముందు సమ్మతి, దాని వెనక లాఠీ. మన దొరల గడీలు చూడు, కోటల్లాంటి ఇళ్లు. దొర దగ్గర గుమాస్తాలు, గూండాలు కలిపి ఎంతమంది? ఊరంతా మాత్రం 'బాంచన్ దొరా, నీ కాల్మొక్త' అన్నది. మా నాయిన దొర వాకిలి ముందు చెప్పులు చేతబట్టుకునేవాడు, దొర ఊళ్లో లేనప్పుడు కూడా. ముందు ఆ సమ్మతి పోవాలి. అందుకే తెలంగాణలో తుపాకుల కంటే ముందు గ్రంథాలయాలు, ఆంధ్ర మహాసభలు, బుర్రకథలు వచ్చినయి. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ నాటికే జనం తల ఎత్తారు. దొరల మీద తెలంగాణ సాయుధ పోరు ఆ తర్వాతే. సెమినార్లో ఇదే చెప్పు, ఇటలీ ఉదాహరణలు అందరూ చెప్తారు.

జవాబు 3 (నారాయణపేట): దక్షిణ ఇటలీ రైతుల మీద 1926లో ఆయన రాసిన వ్యాసం కూడా చూడు. దక్షిణాది వెనకబాటు అక్కడివాళ్ల సోమరితనమే అని ఉత్తరాది కార్మికులూ నమ్మారట. మా పాలమూరు కూలీల గురించి బొంబాయిలో ఇలాంటి మాటలే విన్నాను.

ప్రశ్న అడిగినవారు: సార్, మీ నాయిన సంగతి పేరు లేకుండా వాడుకోవచ్చా?

జవాబు 2: వాడుకో బిడ్డా.