వార్తా సైట్‌లో వంటల సెర్చ్‌ను ఎలా మార్చాలి?

ప్రశ్న (నెల్లూరు): మా పత్రిక వెబ్‌సైట్‌లో వంటల సెర్చ్‌ను కొత్తగా డిజైన్ చేసే పని నాకు వచ్చింది. ఇప్పుడు 'చేపల పులుసు' అని కొడితే ముందు చేపల చెరువుల వార్తలు వస్తున్నాయి, వంట ఎక్కడో కింద ఉంటోంది. మా అమ్మ అసలు వంట పేరుతో వెతకదు. ఇంట్లో బొమ్మిడాయిలు, పుల్ల మామిడికాయ ఉన్నాయి, వీటితో ఏం చేయొచ్చు అని చూస్తుంది. అలాంటివాళ్లకు పనికిరావాలన్నదే నా పట్టుదల. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (ఒంగోలు): ముందు వార్తలనూ వంటలనూ విడదీయండి. న్యూయార్క్ టైమ్స్ 2014లోనే వంటలకు విడిగా సైట్, యాప్ పెట్టింది. తర్వాత ప్రతి వంటకూ పదార్థాలు, సమయం, ఎంతమందికి అన్నవి వేర్వేరు గడుల్లో నింపాలి. అవి పేరాల్లో కలిసిపోయి ఉంటే ఏ ఫిల్టరూ పనిచేయదు. పాత వంటలన్నిటికీ చేయడం పెద్ద చాకిరీ, కానీ తప్పదు.

జవాబు (కావలి): వేరుశనగ, పల్లీలు, శనక్కాయలు ఒకటేనని సెర్చ్‌కు చెప్పండి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లనూ మరవొద్దు.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ థ్యాంక్స్ అండీ. సమయం దగ్గరే తేలడం లేదు. పులుసు గంటలోపే అయిపోతుంది, కానీ మాకు అసలు రుచి మర్నాడే. ఆ రాత్రినీ లెక్కలో కలపాలా?

జవాబు (ఒంగోలు): కలపకండి. సెర్చ్ ఇంజన్లకు వంట వివరాలు అర్థమయ్యేలా పేజీ కోడ్‌లో రాసే స్కీమా డాట్ ఆర్గ్ రెసిపీ మార్కప్‌లో తయారీకి, వంటకు, మొత్తానికి వేర్వేరు సమయాలు ఇవ్వొచ్చు. దీనికి మాత్రం 'ముందురోజే చేసుకోవచ్చు' అని విడిగా ఒక ఫిల్టర్ పెట్టండి. ఇంటికి చుట్టాలొచ్చే ముందు అదే వెతుకుతారు.