అప్‌డేట్: వేలూరు తిరుగుళ్లలో తోడు దొరికింది

అమ్మ వైద్యం కోసం చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆస్పత్రికి తిరుగుతున్నాం, ప్రార్థనకు కూర్చున్నా మాట రావడం లేదు, ధైర్యం చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

పనికొచ్చింది "పక్కనున్నవాళ్లను పలకరించు" అన్న సలహానే. బస్సులో జిప్ కవర్ బైబిల్ ఒళ్లో పెట్టుకున్న ఒకావిడ కనిపిస్తే "వందనాలమ్మా" అన్నాను. "వందనాలు బిడ్డా, ఎవరికి బాగలేదు?" అంటూ వాళ్లాయన డయాలసిస్ సంగతి చెప్పుకొచ్చింది. ఉపదేశం ఏమీ చేయలేదు. కండక్టర్ చిల్లర కోసం అరుస్తుంటే, నా చెయ్యి పట్టుకుని అమ్మ పేరుతో రెండు ముక్కలు ప్రార్థించింది. నాకు 'ఆమెన్' మాత్రం గట్టిగానే వచ్చింది. ఆ తర్వాత మందుల క్యూలోనూ పలకరింపులు సులువయ్యాయి. నా తమిళం అంతంతమాత్రమే, 'స్తోత్రం' అంటే చాలు, చోటిస్తారు.

పాస్టరుగారికి చెబితే బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక 1:12 చూపించారు. పౌలు అంతటివాడే అవతలివాళ్ల విశ్వాసం వల్ల తనకూ ఆదరణ కలగాలని కోరుకున్నాడు!

మిగతా సలహాల సంగతికొస్తే, సంఘం (చర్చి) మారాల్సిన అవసరం పడలేదు. వాట్సాప్ గ్రూపులు నాకు పడలేదు, అన్నీ ఫార్వర్డులే.

అమ్మకు మందులు నడుస్తున్నాయి. కొత్తగా వెళ్లేవాళ్లకు ఒక మాట: ఆస్పత్రి లోపలే చాపెల్ (ప్రార్థన మందిరం) ఉంది.