7 − (−5) = 12 ఎలా అవుతుంది? రూలు కాదు, కారణం కావాలి

ఆరో_క్లాసు_అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఆరో తరగతి, పూర్ణ సంఖ్యల పాఠం నడుస్తోంది. కూడికలు బాగానే చేస్తోంది, సంఖ్యారేఖ మీద వేలు అటూ ఇటూ జరుపుకుంటూ. తీసివేతల దగ్గరకొచ్చి ఆగిపోయింది. 7 − (−5) = 12 అని నోట్సులో ఉంది, దాని కింద "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అని రాయించి చుట్టూ డబ్బా గీయించారు. అది కంఠతా వచ్చేసింది, మార్కులూ పడతాయి, నా టెన్షన్ వాటి గురించి కాదు. "తీసేస్తే తగ్గాలి కదమ్మా, ఎలా పెరిగింది?" అంటే నా దగ్గర జవాబు లేదు. ఇంటర్నెట్‌లో అందరూ చెప్పే అప్పు కథే చెప్పా, నీకున్న ఐదు రూపాయల అప్పు ఎవరైనా కొట్టేస్తే నీకు ఐదు రూపాయలు కలిసొచ్చినట్టే కదా అని. వెంటనే "అప్పు పోయినా నా జేబులో ఏడే ఉన్నాయిగా, పన్నెండు ఏవి?" అంది. దానికీ నా దగ్గర మాట లేదు. పైగా హోంవర్కులో −3 − 5 = +8 అని రాసింది. ఇదేంటే అంటే, రెండు మైనస్‌లు ఉన్నాయిగా అంటోంది! దయచేసి పిల్లకి చెప్పగలిగేలా ఎవరైనా వివరించండి, నేను బీకాం.

ఎంపీసీ_బ్యాచ్:
ఆంటీ, అప్పు కథలో మీ పాప పట్టుకున్న పాయింటు కరెక్టే. జేబులో 7 ఉండి 5 అప్పుంటే తనకున్నది నికరంగా 2 మాత్రమే. అప్పు కొట్టేస్తే ఆ 2 కాస్తా 7 అవుతుంది. అంటే ఆ కథ 2 − (−5) = 7 అనే లెక్కకి సరిపోతుంది, మీరు దాన్ని 7 − (−5)కి వాడారు. 12 రావాలంటే జేబులో 12 ఉండి, 5 అప్పుండి, నికరం 7 దగ్గర కథ మొదలవ్వాలి. చాలా వీడియోల్లో ఈ ముక్క చెప్పరు.

నాకైతే మార్కులతో సులువుగా ఎక్కింది. మా కాలేజీలో వారం వారం పెట్టే టెస్టులకి జేఈఈ మెయిన్ పద్ధతే, రైటుకి 4, తప్పుకి −1, వదిలేస్తే 0. పది రైటు, మూడు తప్పు అనుకోండి, 40లో 3 పోయి 37. పేపర్లు దిద్దాక సార్ వచ్చి "ఫలానా ప్రశ్న సిలబస్‌లో లేదు, దాన్ని లెక్కలోంచి తీసేస్తున్నా" అన్నారనుకోండి. ఆ ప్రశ్న రైటు పెట్టినవాడికి 37 − 4, అంటే 33, వాడు లబోదిబోమంటాడు. వదిలేసినవాడికి 37 − 0, ఏ మార్పూ లేదు. తప్పు పెట్టినవాడి ఖాతాలో ఆ ప్రశ్న కింద ఉన్నది −1, తీసేయాల్సింది కూడా అదే, కాబట్టి 37 − (−1) = 38. ముగ్గురికీ సార్ చేసింది ఒకటే పని, తీసేయడం. ఏది తీశారన్నదాన్ని బట్టి ఒకడికి తగ్గింది, ఒకడికి పెరిగింది. (అసలు జేఈఈలో ప్రశ్న రద్దయితే రూలు వేరు, అది ఇక్కడికి తేకండి ప్లీజ్.)

లెక్కల_టీచరు:
పై బాబు బాగా చెప్పాడు. నేను బడిలో చెప్పేవాడిని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

అమ్మా, మీ పాపకి అర్థం కాకపోవడానికి కారణం పాప కాదు, ఆ డబ్బాలో వాక్యం. "రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్" అన్నప్పుడు ఎక్కడ కలిస్తే, ఎలా కలిస్తే అనేది అందులో లేదు. −3 − 5లో కూడా రెండు మైనస్‌లు ఉన్నాయి, పిల్ల ఆ వాక్యాన్ని అక్షరాలా పాటించి 8 రాసింది. మూడు మెట్లు కింద ఉన్నవాడు ఇంకో ఐదు మెట్లు దిగితే −8 దగ్గరుంటాడు, పైకెలా వస్తాడు? నా చేతికొచ్చే ఆరు, ఏడు తరగతుల పేపర్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

అసలు చిక్కు ఎక్కడుందంటే ఒకే గీత రెండు పనులు చేస్తోంది. 7 − (−5)లో మొదటి గీత "తీసెయ్" అనే పని. బ్రాకెట్ లోపలి గీత సంఖ్యలో భాగం, సున్నాకి ఏ వైపున ఉందో చెప్పే గుర్తు. సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే చూడండి, ఈ రెంటికీ రెండు వేర్వేరు మీటలు ఉంటాయి. పాప చేత కొన్నాళ్లు పైకి చదివించండి, "ఏడులోంచి రుణ ఐదు తీసెయ్" అని. "ఏడు మైనస్ మైనస్ ఐదు" అని మాత్రం చదవనివ్వకండి.

ఇక కారణం. 12 − 5 ఎంత అని రెండో తరగతి పిల్లవాడిని అడిగితే 7 అంటాడు. సరి చూడమంటే 7కి 5 కలిపి 12 వచ్చిందని చూపిస్తాడు. తీసివేత అర్థం అదే, "చివరి సంఖ్యకి ఎంత కలిపితే మొదటిది వస్తుంది?" అనే ప్రశ్న. ఇప్పుడు 7 − (−5)ని అలాగే అడగండి. −5కి ఎంత కలిపితే 7 వస్తుంది? సంఖ్యారేఖ మీద −5 దగ్గర వేలు పెట్టించండి. సున్నా దాకా రావడానికే ఐదు అడుగులు, అక్కణ్ణుంచి 7కి ఇంకో ఏడు, మొత్తం పన్నెండు. ఏ రూలూ వాడలేదు చూడండి. కూడిక వచ్చిన పిల్లకి ఇది వచ్చినట్టే.

మీ ప్రశ్నలో లేదు గానీ చాలామంది పొరపడే ఇంకో సంగతి. రుణ సంఖ్యని తీసేస్తే జవాబు ఎప్పుడూ ధన సంఖ్యే అవుతుందని కాదు. −7 − (−3) చేయండి. −3కి ఎంత కలిపితే −7? నాలుగడుగులు వెనక్కి, అంటే −4. జవాబు రుణ సంఖ్యే. కానీ −7 కంటే −4 ఎక్కువే కదా. రుణ సంఖ్యని తీసేస్తే విలువ పెరుగుతుంది, అంతవరకే గ్యారంటీ. పెరిగి సున్నా దాటుతుందా లేదా అన్నది ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆరో_క్లాసు_అమ్మ:
సార్, చాలా థాంక్స్. "ఎంత కలిపితే" అన్నది పాపకి వెంటనే ఎక్కింది, −7 − (−3) కూడా చేసేసింది. కానీ మళ్లీ ఒక ప్రశ్న. "7లో −5 లేనే లేదు కదా, లేనిదాన్ని ఎలా తీస్తాం?" అంటోంది. మార్కుల ఉదాహరణలో −1 ముందే ఉంది, దాన్ని తీశారు. ఇక్కడ ఉన్నది ఉత్త 7.

పాత_లెక్కలు:
పాప అడిగింది మామూలు ప్రశ్న కాదండీ. దీనికి జవాబు పుల్లలతో చూపించొచ్చు. చైనాలో పూర్వం లెక్కలు పుల్లలతో చేసేవాళ్లు, ఎర్ర పుల్ల ధనం, నల్ల పుల్ల రుణం. 263లో లియు హుయ్ అనే గణితవేత్త రాసిన వ్యాఖ్యానంలోనే ఈ రంగుల సంగతి ఉంది. మీరు అగ్గిపుల్లలకి రంగు వేసినా సరే, ఎర్ర చింతపిక్కలు నల్ల చింతపిక్కలు పెట్టినా సరే.

ఏడు ఎర్ర పుల్లలు పేర్చండి. ఇందులో నల్లవి లేవు, నిజమే. ఒక ఎర్ర పుల్ల, ఒక నల్ల పుల్ల జతగా పెడితే ఆ జత విలువ సున్నా. సున్నా ఎన్నిసార్లు కలిపినా మొత్తం మారదు కాబట్టి అలాంటి జతలు ఐదు తెచ్చి పక్కన పెట్టండి. బల్ల మీద ఇప్పుడు 12 ఎర్రవి, 5 నల్లవి, విలువ మాత్రం ఇంకా 7. ఇప్పుడు తీయడానికి నల్లవి ఉన్నాయిగా, ఆ ఐదూ తీసేయండి. మిగిలినవి పన్నెండు ఎర్రవి. పై బాబు "జేబులో 12, అప్పు 5" అన్నది కూడా ఇదే.

ఇంకో మాట. ఈ రూలు మనకి కొత్తదేం కాదు. ఇప్పటి రాజస్థాన్‌లోని భీన్‌మాల్‌లో ఉన్న బ్రహ్మగుప్తుడు 628లోనే రాశాడు, ధనంలోంచి రుణాన్ని గానీ రుణంలోంచి ధనాన్ని గానీ తీసేయాల్సి వస్తే ఆ రెంటినీ కలపాలని. 1150లో భాస్కరాచార్యుడు ఇంకా సూటిగా చెప్పాడు, తీసేస్తున్నది ధనమైతే రుణమవుతుంది, రుణమైతే ధనమవుతుంది, ఆ తర్వాత కూడికే అని. ఆయన రుణ సంఖ్యల నెత్తిన చుక్క పెట్టేవాడు. మాస్టారు అన్న "ఒకే గీత, రెండు పనులు" గొడవ ఆ చుక్కతో రాదు, గుర్తు సంఖ్యకే అంటుకుని ఉంటుంది కాబట్టి. పోనీ అందరూ ఒప్పేసుకున్నారా అంటే అదీ లేదు. 1758లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే ఆయన ఈ రుణ సంఖ్యలే అనవసరమని ఒక పుస్తకమే రాశాడు. అంత చదువుకున్నవాళ్లకే మింగుడుపడలేదు, ఆరో తరగతి పిల్ల తికమక పడటంలో వింతేముంది?

కోడింగ్_కుర్రాడు:
నాదొక వేరే అభిప్రాయం, తిట్టకండి. పుల్లలూ చరిత్రా బాగున్నాయి గానీ పిల్లలకి ముందు రూలు చెప్పేసి, అర్థం తర్వాత దానంతటదే వస్తుందిలే అని వదిలేస్తే నష్టమేంటి? నాకలాగే వచ్చింది. 7 − 2 = 5, 7 − 1 = 6, 7 − 0 = 7 అని ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతే తీసేసేది ఒకటి తగ్గినప్పుడల్లా జవాబు ఒకటి పెరుగుతోంది, తర్వాతి వరుస 7 − (−1) = 8 కాక ఇంకేమవుతుంది? ఎత్తుల తేడా చూసినా అంతే. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల పైన, మృత సముద్రం ఒడ్డు దాదాపు 430 మీటర్ల కింద. తేడా 540 − (−430), అంటే 970. నేను బతుకుతున్నది కోడ్ రాసుకునే, రోజూ మైనస్‌లతోనే పని, ఎప్పుడూ ఇంతకంటే లోతు అవసరం పడలేదు.

లెక్కల_టీచరు:
తిట్టడం ఎందుకు బాబూ, మీరు వరుసలు రాసి చూసుకున్నారు, ఎత్తులతో పోల్చుకున్నారు, అంటే మీకు రూలు ఒక్కటే కాదు, కారణం కూడా తెలుసు. డబ్బాలో వాక్యం ఒక్కటే పట్టుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు పైతరగతులకి వచ్చాక దొరికిపోతారు. 5 − (x − 3) ఇస్తే నా దగ్గర సగం క్లాసు 2 − x అని రాస్తుంది. బ్రాకెట్ తీసేసి 5 − x − 3 అని దించేస్తారు, ఎందుకంటే అక్కడ రెండు మైనస్‌లు పక్కపక్కన లేవు, రూలు గుర్తుకు రాదు. తీసేయాల్సింది x ఒక్కటే కాదు, x తో పాటు ఆ −3 కూడా అని తెలిసినవాడు మాత్రం 5 − x + 3, అంటే 8 − x రాస్తాడు. నమ్మకం లేకపోతే x = 1 పెట్టి చూడండి. 5 − (−2) = 7. 8 − 1 కూడా 7. 2 − 1 అయితే 1 దగ్గరే ఆగిపోతుంది.

అమ్మా, పాపకి రెండు లెక్కలిస్తున్నా. −4 − (−9), తర్వాత −9 − (−4). రూలు చెప్పకుండా, ఒకటి పుల్లలతో, ఇంకోటి "ఎంత కలిపితే" పద్ధతిలో చేయమనండి. జవాబులు ఇక్కడే పెట్టండి, రేపు సాయంత్రం చూస్తా.