హాల్లో నాలుగు రిమోట్లు, అమ్మానాన్నలకి ఒక్కటే చాలాలి. ఎలా చెయ్యాలి?

ఒంగోలు టు బెంగళూరు:

అందరికీ నమస్తే. మేం కగ్గదాసపురలో ఉంటాం. సంక్రాంతి అయ్యాక అమ్మా నాన్నా ఒంగోలు నుంచి వచ్చారు, ఎండాకాలం పోయేదాకా ఇక్కడే ఉంటారు. హాల్లో టీవీ, డీటీహెచ్ బాక్స్, ఆన్‌లైన్ సినిమాలు చూసే ఫైర్ స్టిక్, సౌండ్ బార్ ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో రిమోట్. మాకు అలవాటైపోయింది కాబట్టి ఇన్నాళ్లూ ఇబ్బందిగా అనిపించలేదు గానీ పగలంతా ఇంట్లో ఉండేది వాళ్లే. మేమిద్దరం ఆఫీసుల నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది.

మధ్యాహ్నం అమ్మ సీరియల్ చూడాలంటే టీవీ రిమోట్‌తో టీవీ, బాక్స్ రిమోట్‌తో బాక్స్, ఆ తర్వాత సౌండ్ బార్ ఆన్ చెయ్యాలి. ఊళ్లో అలవాటు కొద్దీ బాక్స్ రిమోట్ మీద ఎర్ర బటన్ నొక్కుతుంది, బాక్స్ ఒక్కటే ఆగిపోయి టీవీలో 'నో సిగ్నల్' అని వస్తుంది. అది పోవాలని టీవీ రిమోట్ తీసుకుని ఏదో ఒకటి నొక్కితే సినిమా పోస్టర్లతో నిండిన హోమ్ పేజీ వస్తుంది, అక్కణ్ణించి మళ్లీ ఛానల్‌కి ఎలా రావాలో ఆవిడకి తెలీదు. నేను మీటింగ్‌లో ఉండగా ఫోన్ చేసి "టీవీ పాడైపోయిందేమో రా, నేనేమన్నా చేశానా" అని అడుగుతుంది. ఆ గొంతులో భయం వింటుంటే నాకు చాలా బాధగా ఉంటోంది. మా ఇంట్లో టీవీ పెట్టుకోవడానికి మా అమ్మ భయపడటం ఏంటండీ?

నాన్నకి కొంచెం వినికిడి తక్కువ, అందుకని సౌండ్ బార్ తీసెయ్యలేను. వాళ్లు ఫైర్ స్టిక్ వాడరు, అది మా కోసమే. ఆన్‌లైన్‌లో యూనివర్సల్ రిమోట్లు కనిపిస్తున్నాయి, ఒకటి కొనెయ్యాలా? లేక వేరే దారేదైనా ఉందా? వాడుతున్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

కేబుల్ సర్దేవాడు:

కొనేముందు టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ-సీఈసీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది, సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, అన్నీ ఒకటే. హెచ్‌డీఎంఐ కేబుల్లో బొమ్మా శబ్దం వెళ్లే పిన్నులతో పాటు 13వ పిన్ను మీద ఒక చిన్న లైను ఉంటుంది, ఆ లైను మీద పరికరాలు ఒకదానికొకటి ఆర్డర్లు పంపుకుంటాయి. ఇది ఆన్ చేస్తే ఫైర్ స్టిక్ రిమోట్ మీద హోమ్ నొక్కగానే టీవీ ఆన్ అయ్యి తనంతట తానే ఆ ఇన్‌పుట్‌కి మారుతుంది, టీవీ ఆపితే సౌండ్ బార్ కూడా ఆగుతుంది. ఫైర్ స్టిక్‌లో కూడా సెట్టింగ్స్‌లోకి వెళ్లి డిస్‌ప్లే అండ్ సౌండ్స్ కింద ఇదే ఆప్షన్ ఆన్ చెయ్యాలి.

ఇంకో మాట, సౌండ్ బార్ ఏ కేబుల్‌తో పెట్టారో చెప్పండి. ఆప్టికల్ అయితే అందులో శబ్దం తప్ప ఇంకేమీ వెళ్లదు, వాల్యూమ్ ఆర్డర్లు పోవు. టీవీ వెనకాల ఏఆర్‌సీ అనో ఈఏఆర్‌సీ అనో రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్ట్ ఒకటి ఉంటుంది, సాధారణంగా అన్నీ కాదు, ఒక్కదానికే ఆ పేరు ఉంటుంది. సౌండ్ బార్‌ని దానికి పెడితే టీవీ వాల్యూమ్ బటన్‌తోనే సౌండ్ బార్ పెరుగుతుంది, తగ్గుతుంది. ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తోనే వచ్చేసింది కాబట్టి మీ టీవీ మరీ పాతదైతే తప్ప ఉండే ఉంటుంది.

వేలచ్చేరి వాసి:

పై ఆయన చెప్పింది నిజమే గానీ మీ సమస్య సీఈసీ ఒక్కదానితో తీరదండీ. మన దగ్గర డీటీహెచ్ బాక్సుల్లో చాలావాటికి సీఈసీ పనిచెయ్యదు. అమ్మగారు వాడేది బాక్స్, ఫైర్ స్టిక్ కాదు. కాబట్టి సీఈసీ పెట్టాక మీకు హాయిగా ఉంటుంది, ఆవిడకి మాత్రం 'నో సిగ్నల్' అలాగే వస్తుంది.

మా అత్తయ్యగారు మదనపల్లె నుంచి వచ్చి చెన్నైలో మా దగ్గరే ఉంటున్నారు కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు. పెద్దవాళ్లకి కొత్త రిమోట్ ఇవ్వొద్దు. అది ఎంత మంచిదైనా సరే. వాళ్ల వేలు ఏ రిమోట్‌కి అలవాటు పడిందో దాంట్లోకే మిగతా రిమోట్ల బటన్లు తెచ్చి పెట్టాలి. అమ్మగారి చెయ్యి బాక్స్ రిమోట్ మీదికే వెళ్తోందని మీరే రాశారు, మరి ఆ రిమోట్‌నే సరిచెయ్యండి.

చాలా డీటీహెచ్ రిమోట్లలో టీవీ బటన్లు నేర్పే సదుపాయం ఉంటుంది. రిమోట్ పైభాగంలో గీత గీసో, వేరే రంగులోనో 'టీవీ' అని నాలుగైదు బటన్లు విడిగా కనిపిస్తే అవే, పవర్, వాల్యూమ్, మ్యూట్, ఏవీ లేదా సోర్స్ (టీవీలో ఏ పరికరం బొమ్మ రావాలో మార్చేది). రెండు రిమోట్ల మూతులు ఎదురెదురుగా, మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో బల్ల మీద పెట్టండి. బాక్స్ రిమోట్‌ని నేర్చుకునే మోడ్‌లోకి తేవాలి, దానికి ఏ బటన్లు నొక్కి పట్టుకోవాలన్నది కంపెనీని బట్టి మారుతుంది, కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్లోనే చెప్తారు. ఆ తర్వాత బాక్స్ రిమోట్ మీద నేర్చుకోవాల్సిన బటన్ నొక్కి, టీవీ రిమోట్ మీద అదే పని చేసే బటన్ నొక్కాలి. లైటు వెలిగి ఆరితే నేర్చుకున్నట్టు. నేర్పేటప్పుడు రెండింట్లోనూ కొత్త సెల్స్ ఉండాలి, సెల్స్ వీకైతే సగం నేర్చుకుని ఆగిపోతుంది.

ఇప్పుడు పైన చెప్పిన ఏఆర్‌సీ దీంతో కలిపి చూడండి. బాక్స్ రిమోట్‌కి టీవీ వాల్యూమ్ నేర్పారు, టీవీ ఆ ఆర్డర్‌ని సౌండ్ బార్‌కి పంపుతుంది, అంటే నాన్నగారు అదే రిమోట్‌తో సౌండ్ పెంచుకుంటారు. ఏఆర్‌సీ లేకపోయినా పర్లేదు, టీవీ వాల్యూమ్ బదులు సౌండ్ బార్ రిమోట్‌లోని వాల్యూమే నేర్పెయ్యండి, రిమోట్‌కి అది ఎవరిదైనా ఒకటే.

ఇక ఆ ఎర్ర బటన్ సంగతి. బాక్స్‌కీ టీవీకీ పవర్ బటన్లు రెండూ ఆ రిమోట్ మీదే ఉంటే ఒకటి ఆన్, ఒకటి ఆఫ్ అయిపోయి మళ్లీ గొడవ. మా ఇంట్లో బాక్స్‌ని రిమోట్‌తో ఆపడమే మానేశాం. టీవీ పవర్ మాత్రమే వాడతారు, బాక్స్ అలా నడుస్తూనే ఉంటుంది, రాత్రి పడుకునేముందు గోడ మీద స్విచ్ ఆపేస్తాం. అత్తయ్యగారికి గుర్తుగా టీవీ పవర్ బటన్ మీద ఒక ఎర్ర స్టిక్కర్ బొట్టు, ఛానల్ పైకీ కిందికీ ఉన్న బటన్ల పక్కన చిన్న నల్ల బొట్లు పెట్టాను. బాక్స్ పవర్ బటన్ మీద తెల్ల టేప్ రెండు మడతలు వేసి అంటించేశాం, వేలు తగిలినా నొక్కుకోదు. కళ్లజోడు లేకపోయినా ఆవిడ వేలితో తడిమి సరిగ్గా నొక్కుతారు.

అర్ధరాత్రి కోడర్:

నేను వేరేలా చెప్తాను. వైఫైతో పనిచేసే ఐఆర్ (రిమోట్లు పంపే, కంటికి కనపడని వెలుగు) హబ్బులు దొరుకుతాయి, బ్రాడ్‌లింక్ లాంటివి. అరచేతిలో పట్టేంత డబ్బా, టీవీ ఎదురుగా పెడితే అన్ని రిమోట్ల సిగ్నళ్లూ అదే పంపుతుంది. 'సీరియల్' అని ఒక సీన్ చేసి పెడితే టీవీ, బాక్స్, సౌండ్ బార్ వరసగా ఆన్ అయ్యి ఛానల్ నంబర్ కూడా తనే కొడుతుంది. మీరు ఆఫీసులో కూర్చునే ఇంట్లో టీవీని సరిచెయ్యొచ్చు, అమ్మగారు ఫోన్ చేసినప్పుడు అది చాలా పనికొస్తుంది. ఏసీని కూడా దాంట్లోకి తేవచ్చు. పెట్టేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే, ఇలాంటివి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి, 5 గిగాహెర్ట్జ్‌కి కలవవు.

యూనివర్సల్ రిమోట్ అంటే ఒకప్పుడు లాజిటెక్ హార్మొనీ పేరే చెప్పేవాళ్లు. 2021లో వాళ్లు వాటి తయారీ ఆపేశారు. ఇప్పుడు పాత స్టాకు ఎక్కువ ధరకి పెడుతుంటారు, అది మాత్రం కొనకండి.

వేలచ్చేరి వాసి:

హబ్ మంచిదే, నేను కాదనను. కానీ బెంగళూరులో అయినా చెన్నైలో అయినా కరెంటు పోయి వచ్చినప్పుడు రూటర్ లేచి వైఫై అందేదాకా ఆ డబ్బా ఏ పనీ చెయ్యదు, ఆ టైములో పెద్దవాళ్ల చేతిలో పనిచేసే రిమోట్ ఒకటి ఉండి తీరాలి. పిల్లలు దూరం నుంచి సరిచెయ్యడం కంటే వాళ్లంతట వాళ్లు పెట్టుకోగలగడం ముఖ్యం అని నా అభిప్రాయం. ముందు రిమోట్ సంగతి చూసి, హబ్ కావాలంటే తర్వాత పెట్టుకోండి.

ఒంగోలు టు బెంగళూరు:

చాలా థాంక్స్ అండీ అందరికీ. సౌండ్ బార్ ఆప్టికల్ మీద ఉంది, మార్చి ఏఆర్‌సీకి పెట్టాను, టీవీ రిమోట్‌తోనే సౌండ్ పెరుగుతోంది. సీఈసీ ఆన్ చేశాను. కానీ బాక్స్ రిమోట్‌కి నేర్పుదామంటే పవర్ ఒక్కటే నేర్చుకుంది, వాల్యూమూ సోర్సూ ఎన్నిసార్లు నొక్కినా లైటు ఆరట్లేదు. రెండింట్లో కొత్త సెల్సే వేశాను. రిమోట్ పాడైందా?

కేబుల్ సర్దేవాడు:

పాడవ్వలేదు. మీ టీవీ రిమోట్ మీద మైక్ బొమ్మ ఉందా? ఉంటే అది బ్లూటూత్ రిమోట్. వాటిల్లో కొన్ని పవర్ మాత్రం ఐఆర్‌తో పంపి మిగతా బటన్లు బ్లూటూత్‌తో పంపుతాయి, నేర్చుకునే రిమోట్‌కి బ్లూటూత్ కనపడదు. ఇలా చూడండి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి రిమోట్ మూతిని దానికేసి పెట్టి బటన్ నొక్కండి. మన కంటికి కనపడని ఐఆర్ వెలుగు ఫోన్ తెర మీద ఊదా రంగులోనో తెల్లగానో మిణుకుమిణుకుమంటుంది. చాలా ఫోన్లలో వెనక కెమెరాకి ఐఆర్‌ని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది కాబట్టి సెల్ఫీ కెమెరాతోనే చూడండి. పవర్‌కి వెలిగి వాల్యూమ్‌కి వెలగకపోతే నేను చెప్పిందే.

అలా అయితే ఎస్‌పీ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ కొట్లలో మీ టీవీ మోడల్‌కి సరిపోయే మామూలు ఐఆర్ రిమోట్ ఒకటి తెచ్చుకోండి, మైక్ లేనిది. వేలచ్చేరి వాళ్లకైతే చెన్నైలో రిచీ స్ట్రీట్. వెళ్లేటప్పుడు టీవీ వెనక స్టిక్కర్‌ని ఫోటో తీసుకెళ్లండి, మోడల్ నంబర్ లేకుండా అడిగితే ఏదో ఒకటి అంటగడతారు. దాన్ని రోజూ వాడక్కర్లేదు, బాక్స్ రిమోట్‌కి పాఠం చెప్పించి డ్రాయర్లో పడెయ్యడమే.

ఒంగోలు టు బెంగళూరు:

కెమెరాలో చూశాను, మీరన్నట్టే పవర్‌కి మాత్రమే వెలుగుతోంది. మామూలు రిమోట్ తెచ్చి నేర్పితే అన్నీ నేర్చుకుంది! అమ్మ ఈరోజు మధ్యాహ్నం తనే పెట్టుకుంది. టేపూ బొట్టూ కూడా పెట్టాను. ఇంకొక్కటి మిగిలింది, సోఫాలో కూర్చుని నొక్కితే ఒక్కోసారి టీవీ తీసుకోదు, లేచి నిలబడి నొక్కితే వెంటనే తీసుకుంటుంది. ఛానళ్లు మాత్రం కూర్చుని నొక్కినా మారుతున్నాయి. నాన్న లేచి నిలబడటం కష్టం.

పెన్నా ఒడ్డు:

సౌండ్ బార్ టీవీకి ముందు పెట్టారు కదా? టీవీల్లో ఐఆర్ సెన్సర్ ఎక్కువగా కింది అంచులో, మధ్యలోనో ఒక మూలనో ఉంటుంది. సౌండ్ బార్ దానికి అడ్డం వస్తే కూర్చున్నవాళ్ల చేతి ఎత్తు నుంచి సిగ్నల్ చేరదు, నిలబడితే పైనుంచి చేరుతుంది. బాక్స్ పక్కన ఉంటుంది కాబట్టి ఛానళ్లకి అడ్డు లేదు. టీవీ స్టాండ్ కింద చెక్క పెట్టి కొంచెం లేపండి, లేదా సౌండ్ బార్‌ని కింది అరలోకి దించండి. రిమోట్‌కి ప్లాస్టిక్ కవర్ వేసి ఉంటే మూతి దగ్గర మడత పడకుండా చూసుకోండి.

అలాగే గోడ స్విచ్ ఆపి మళ్లీ వేసినప్పుడు కొన్ని టీవీలు నేరుగా హోమ్ పేజీకి వెళ్తాయి. సెట్టింగుల్లో ఆన్ అవగానే చివరిగా వాడిన సోర్స్‌కి వెళ్లే ఆప్షన్ ఉందేమో వెతకండి. ఉంటే రాత్రి మీరు ఫైర్ స్టిక్ చూశాక పడుకునేముందు ఒక్కసారి బాక్స్ ఇన్‌పుట్‌కి మార్చి అప్పుడు ఆపండి, పొద్దున అమ్మగారు ఆన్ చెయ్యగానే ఛానలే వస్తుంది.

ఒంగోలు టు బెంగళూరు:

సౌండ్ బార్ కింది అరలోకి దించాను, నాన్న సోఫాలోంచే వాల్యూమ్ పెంచుకుంటున్నారు. చివరి సోర్స్ ఆప్షన్ దొరికింది, ఆన్ చేశాను. పక్కన పెట్టేసిన రిమోట్లలో సెల్స్ ఉంచొచ్చా?

పెన్నా ఒడ్డు:

తీసెయ్యండి. వాడకుండా నెలల తరబడి ఉంచితే సెల్స్ లీకై స్ప్రింగులు పచ్చగా తుప్పు పడతాయి. రిమోట్లన్నీ ఒక కవర్లో వేసి, ఏది దేనిదో చీటీ రాసి పెట్టండి. కరెంటు పోయి వచ్చాక సీఈసీ మొండికేస్తే టీవీ, సౌండ్ బార్, స్టిక్ మూడింటి ప్లగ్గులూ తీసి, కాసేపాగి, ముందు టీవీ పెట్టి చూడండి, చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది.