అప్‌డేట్: స్ట్రెయిట్ పైప్ ఆలోచన మానుకున్నాను

నా పాత పెట్రోల్ కారులో క్యాటలిటిక్ కన్వర్టర్ (ఇంజిన్ పొగలోని విషవాయువులను తగ్గించే భాగం, పొట్టిగా 'క్యాట్') పోయిందని, కొత్తది వేయించాలా, మెకానిక్ చెప్పినట్టు దాన్ని కోసేసి స్ట్రెయిట్ పైప్ (దాని బదులు ఉత్త గొట్టం) పెట్టించాలా అని పోయిన నెల అడిగాను కదా. చివరికి కొత్తదే వేయించాను.

పాతది విప్పి చూస్తే, లోపల తేనెపట్టులా ఉండాల్సిన సెరామిక్ ఒక పక్క కరిగి ముద్దయిపోయింది. ఊపితే గలగల చప్పుడు. అసలు దొంగ ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది). అది పాడై ఇంజిన్ మిస్‌ఫైర్ అయ్యి, అంటే పెట్రోల్ సరిగా అంటుకోక, కాలని పెట్రోల్ క్యాట్‌లోకెళ్లి మండిందట. ముందు కాయిల్ మార్చకపోతే కొత్తదీ తగలబడేదే!

స్ట్రెయిట్ పైప్ మోజు, అది పెట్టించుకున్న స్నేహితుడి కారెక్కితే వదిలింది. పంజాగుట్ట సిగ్నల్ దాటేసరికి ఆ మోతకి తల దిమ్మెక్కింది. పైగా క్యాట్ పనిచేస్తోందో లేదో చూసే వెనక ఆక్సిజన్ సెన్సర్ వల్ల డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు ఆరదు. పొల్యూషన్ టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు, క్యాట్ లేకుండా అది కష్టం.

కొత్త క్యాట్ ధర వింటే మాత్రం గుండె గుభేలుమంది. లోపల ఖరీదైన లోహాలు ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి మరి. అందుకే మెకానిక్ 'పాతది ఇక్కడే వదిలేయండి సార్' అన్నా వినకుండా డిక్కీలో వేసుకొచ్చాను.