ఆటోమేటిక్ కారు వాలులో ఆపితే ‘పీ’ ఒక్కటీ చాలదా?

ర్యాంప్‌వాలా: క్రెటా ఆటోమేటిక్, సెల్లార్ ర్యాంపు మీద పార్కింగ్. పీ (పార్కింగ్ గేరు)లో పెట్టాక ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ (ఈపీబీ) కూడా వేస్తే దాని మోటారు తొందరగా పోతుందని అపార్ట్‌మెంట్ గ్రూపులో అంటున్నారు. నిజమేనా?

స్పానర్_రాజు: పోదండీ. మోటారుకు కరెంటు అందేది బిగించేటప్పుడూ వదిలేటప్పుడూ, ఆ ఒకటి రెండు సెకన్లే. అది మరను తిప్పి, వెనక బ్రేకు ప్యాడ్లను డిస్కుకి అదిమే క్యాలిపర్ పిస్టన్‌ను నెడుతుంది. మర తనంతట తాను వెనక్కి తిరగదు కాబట్టి ఇంజిన్ ఆపినా పట్టు అలాగే ఉంటుంది.

పీ సంగతి వేరు. అది చక్రాలను నేరుగా పట్టదు, గేర్‌బాక్సు లోపల ఓ పళ్లచక్రంలో చిన్న ఇనుప కొక్కెం పడుతుంది, అంతే. ఈపీబీ వేయకుండా బ్రేకు మీద నుంచి కాలు తీస్తే వాలులో బండి భారమంతా ఆ కొక్కెం మీదే. మర్నాడు పీ నుంచి తీస్తుంటే ‘ఠక్’మనేది అందుకే.

వరస ఇదీ: బ్రేకు తొక్కి ఆపండి, ఎన్ (న్యూట్రల్)లోకి రండి, ఈపీబీ స్విచ్ లాగండి. ఎర్ర దీపం వెలిగాక కాలు మెల్లగా తీస్తే బండి కాస్త ఒరిగి ఈపీబీ మీద నిలుస్తుంది. మళ్లీ బ్రేకు తొక్కి పీలో పెట్టి ఇంజిన్ ఆపండి. బయల్దేరేటప్పుడు బ్రేకు తొక్కే ఉంచి ముందు పీ నుంచి డీ (డ్రైవ్)కి రండి, తర్వాతే ఈపీబీ వదలండి.

సిటీడ్రైవ్: ర్యాంపుకి సరే. సమతలంలో ఈ తతంగమంతా దేనికి? వానాకాలంలో కడిగిన బండిని వారం పాటు ఈపీబీ వేసి వదిలేస్తే ప్యాడ్లు తుప్పుతో డిస్కుకి పట్టేస్తాయి. వైజాగ్ బీచ్ వైపు మరీను. పైగా బ్యాటరీ డౌన్ అయితే? పాత లివర్ని చేత్తో దించేవాళ్లం, ఇది దిగదు.

స్పానర్_రాజు: రోజుల తరబడి ఆపే బండికి, అదీ సమతలంలో, మీ మాటే రైటు. పీలో పెట్టి చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టండి చాలు. బ్యాటరీ డౌన్ అయితే జంప్ స్టార్ట్ ఇచ్చాకే స్విచ్ పనిచేస్తుంది. అది కుదరకపోతే బండిని మొత్తంగా ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ ట్రక్కును పిలవాలి. ముందు చక్రాలెత్తి లాక్కెళ్తే, ఈపీబీ పట్టి తిరగని వెనక టైర్లు అరిగిపోతాయి.

కానీ సమతలంలోనూ ఒక చోట పీని నమ్మకూడదు: టైరు మార్చేటప్పుడు. ఈ బండికి ముందు చక్రాల డ్రైవ్. జాకీతో ఒక ముందు చక్రం లేపితే, లోపల డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరుగా తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల గాల్లో ఉన్నది ఒకవైపు, నేల మీదున్నది ఇంకోవైపు తిరగగలవు. అంటే పీలో ఉన్న బండే జాకీ మీద నుంచి జారొచ్చు.

సిటీడ్రైవ్: ఆ పాయింటు ఒప్పుకుంటా. షాపు ముందు ఐదు నిమిషాలు ఆపడానికి మాత్రం పీ చాలు, అందులో మారను 🙂

ఘాట్_లైన్: ఐదు నిమిషాలు ఎక్కడన్నదే అసలు ప్రశ్న. శ్రీశైలం ఘాట్ దిగి ఆపితే డిస్కులు కాలిపోతుంటాయి. చల్లారేకొద్దీ లోహం కుంచించుకుని ప్యాడ్ల పట్టు సడలుతుంది. కొన్ని బండ్లు కాసేపాగి వాటంతటవే మళ్లీ బిగిస్తాయి, వెనక ‘జీ’మనే చప్పుడు అదే. అక్కడ ఈపీబీ ఒక్కటీ చాలదు, పీ ఒక్కటీ చాలదు. రెండూ వేసి, దిగువకు చూసే బండి ముందు చక్రాలు పిట్టగోడ వైపు తిప్పి దిగాలి.

ర్యాంప్‌వాలా: మరి ఆటో హోల్డ్ ఉంటే స్విచ్ లాగక్కర్లేదు కదా?

ఘాట్_లైన్: లాగాలి. ఆటో హోల్డ్ బ్రేకు ఆయిల్ ప్రెషర్‌తో ఆపుతుంది, సిగ్నల్ దగ్గర వాడుకోవడానికి. డోరు తీసినా, బెల్టు విప్పినా చాలా బండ్లు ఈపీబీకి మారతాయి. కానీ ఆటో హోల్డ్ ఆకుపచ్చ దీపం పోయి ఈపీబీ ఎర్రది వెలిగిందని చూడకుండా దిగొద్దు. ఎర్రది మినుకుమినుకుమంటుంటే సరిగ్గా పడలేదనుకోండి.

స్పానర్_రాజు: వెనక ప్యాడ్లు మార్పించేటప్పుడు ఇంకో మాట. ముందు స్కానర్‌తో (బండి కంప్యూటర్‌కు తగిలించే పరికరం) ఈపీబీని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి మరను వెనక్కి రప్పించాలి. అలా చేయకుండా సీ-క్లాంపుతో పిస్టన్‌ను నొక్కితే లోపలి మర, గేర్లు దెబ్బతింటాయి. ‘స్కానర్ ఎందుకు సార్, నొక్కేస్తా’ అనే మెకానిక్ చేతికి వెనక బ్రేకులు ఇవ్వకండి.