పనిచేసే చోట సాక్ష్యంగా బతకాలంటే రోజూ ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ వందనాలండి. ఆదివారం ఆరాధన, ఉదయం వాక్యధ్యానం సరే. మిగతా రోజంతా పనిచేసే చోట విశ్వాసం ఎలా కనబడాలి? ఎవరి మీదా రుద్దకూడదు, అలాగని దాచుకోనూ కూడదు. పై అధికారి చిన్న అబద్ధం చెప్పమంటే ఏమనాలి? "నువ్వెందుకు నమ్ముతావు?" అని ఎవరైనా అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రసంగం వద్దు, చేయగలిగినవి చెప్పండి.

జవాబు 1

బ్రదర్, ముందు లెక్కలు సరిచూసుకోవాలి. రాజు కొలువులో అధికారిగా ఉన్న దానియేలు మీద నేరం మోపాలని చూసినవాళ్లకు అతని పనిలో తప్పే దొరకలేదు (దానియేలు 6:4). చేబదులు తీసుకుంటే చెప్పిన తారీఖున ఇచ్చెయ్యండి. కుదరకపోతే వాళ్లు అడగకముందే వెళ్లి కొత్త తారీఖు చెప్పండి. బిల్లులో ఖర్చయినంతే రాయండి. పని గంటల్లో బైబిల్ తెరిచి కూర్చోవడం భక్తి కాదు, జీతమిచ్చేవాళ్ల సమయం అది. సాక్ష్యం ఎక్కువగా పాడయ్యేది ఇలాంటి చోట్లే. మనకు చిన్నవిగా అనిపిస్తాయి గానీ పక్క సీటువాళ్లకు రోజూ కనబడేవి ఇవే.

అబద్ధం సంగతికి దానియేలు మొదటి అధ్యాయం చూడండి. తనను అపవిత్రం చేస్తుందని రాజు భోజనం వద్దనుకున్నా మొండికేయలేదు. మొదట మనవి చేసుకున్నాడు, బదులుగా ఏం పెట్టాలో చెప్పాడు, పది రోజుల గడువు అడిగాడు, ఆ తర్వాత మీరే చూసి నిర్ణయించండన్నాడు. మనమూ అదే వరస పాటించొచ్చు. "నేను లేనని చెప్పు" అంటే, "ఇప్పుడు మాట్లాడటం కుదరదని చెప్పి, విషయం రాసుకుంటాను సార్" అనండి. పనీ జరుగుతుంది, అబద్ధమూ ఉండదు. నలుగురిలో కాదు, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు చెప్పండి. కానీ పాత తారీఖు వేసి సంతకం పెట్టమనడం లాంటిదైతే మధ్యేమార్గం లేదు. చేయలేనని చెప్పాలి, దానివల్ల వచ్చే నష్టానికి సిద్ధపడాలి.

జవాబు 2

పై జవాబుకు ఒకటి కలుపుతాను. మనం తప్పు చేశాక ఏం చేస్తామన్నది జనం ఇంకా శ్రద్ధగా చూస్తారు. అందరి ముందు అరిచి, పక్కకు పిలిచి క్షమించమంటే సగమే. ఎవరి ముందు జరిగిందో వాళ్ల ముందే అడగాలి, వీలైతే ఆ రోజే. "ఏమైనా బాధపెట్టి ఉంటే" అనకండి, చేసిందేమిటో చెప్పండి: "ఆలస్యం నా వల్ల అయింది, నింద నీ మీద వేశాను." ఆ వెంటనే "కానీ" వచ్చిందంటే అది క్షమాపణ కాదు, సంజాయిషీ.

డబ్బు నష్టం జరిగితే? సంఖ్యాకాండము 5:7 పాపం ఒప్పుకోవడంతో ఆగలేదు, అసలుకు అయిదో వంతు కలిపి ఇమ్మంది. అంటే 500 నష్టానికి 600. సుంకం వసూలు చేసే జక్కయ్యయితే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). ఆ లెక్క ఈనాడు మనకు చట్టం కాకపోయినా, కనీసం అసలైనా తిరిగివ్వకుండా క్షమించమని అడగడం ఎదుటివాళ్లకు అన్యాయం.

సహాయానికి షరతు పెట్టకండి. ఆస్పత్రి ఖర్చుకిచ్చే కవరులో కరపత్రం పెడితే ఆ డబ్బు ఎరలా కనబడుతుంది. అలాగే మీ కింద పనిచేసేవాళ్లతో విశ్వాసం మాట మీరుగా ఎత్తకండి. సెలవులూ జీతమూ మీ చేతిలో ఉన్నప్పుడు వాళ్లు మనస్ఫూర్తిగా వింటున్నారో భయపడి వింటున్నారో మీకు తెలియదు.

ప్రశ్న అడిగినవారు

అంటే ప్రవర్తన బాగుంటే చాలు, నోరు తెరవక్కర్లేదా?

జవాబు 3

చాలదండి. ఊరకే మంచిగా ఉంటే "ఈయన మంచివాడు" అంటారు, ఘనత మనకే మిగిలిపోతుంది. మత్తయి 5:16 కోరింది పరలోకపు తండ్రికి మహిమ. ప్రకటించేవాడు లేకపోతే ఎలా వింటారని రోమా 10:14 అడుగుతోంది కదా.

ఎందుకు నమ్ముతున్నారని అడిగేవాళ్లకు జవాబు చెప్పడానికి 1 పేతురు 3:15 చెప్పినట్టు సిద్ధంగా ఉండాలంటే ముందే ఒక పేజీలో రాసుకోండి. అపొస్తలుల కార్యములు 26లో అగ్రిప్ప రాజు ముందు పౌలు మాటలే మంచి నమూనా: మునుపటి బతుకు (4–11), ప్రభువు ఎదురైన తీరు (12–18), ఆ తర్వాతి జీవితం (19–23). ఒక్కోదానికి ఒక నిమిషం. గడియారం పెట్టుకుని పైకి చదవండి, ఎక్కడ సాగుతోందో తెలుస్తుంది. మామూలుగా మొదటి భాగమే సాగుతుంది. పాత పాపాలు వర్ణిస్తూ పోతే విన్నవాళ్లకు అవే గుర్తుంటాయి. క్రీస్తు మరణం, పునరుత్థానం రాకుండా ముగించకండి, పౌలు 23వ వచనంలో ఆ రెండూ చెప్పాడు. చివర్లో "నా కష్టాలన్నీ పోయాయి" అనొద్దు, అది నిజం కాదు. ఏం మారిందో, దేనితో ఇంకా పోరాడుతున్నారో రెండూ చెప్పండి. క్రీస్తును నమ్మనివాళ్లను "అన్యులు" అనే మాట అసలు వాడకండి, వినేవాళ్ల మనసు నొచ్చుకుంటుంది.

చెప్పాక ఆగి, "మీరేమనుకుంటారు?" అని అడిగి వినండి. వాళ్లు మాట మారిస్తే వదిలేయండి. వాళ్లుగా అడిగేదాకా మళ్లీ ఎత్తొద్దు.

జవాబు 4

జవాబు 3లో సిస్టర్ చెప్పింది నిజం. ఎవరైనా కష్టం చెప్పుకుంటే "మీ కోసం ప్రార్థన చేయనా?" అని అడగండి. సరే అంటేనే చేయండి, అర నిమిషం, ఆ కష్టం గురించే. ప్రార్థనలో వాళ్లకు ప్రసంగం వినిపించొద్దు. వారం తర్వాత ఎలా ఉందో కనుక్కోండి. ఆ సంగతిని వాళ్ల పేరుతో సంఘంలో ప్రార్థన మనవిగా పెట్టకండి. భక్తి పేరుతో గుట్టు బయటపడితే వాళ్లు మళ్లీ నోరు విప్పరు.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రోజూ వచనాలు, నిజమో కాదో తెలియని అద్భుతాల వార్తలు పంపడం మానేయాలి. ఇంట్లో నమ్మనివాళ్లుంటే 1 పేతురు 3:1–2 చదవండి, అక్కడ మాటకన్నా నడవడికే ముందు. వారంలో ఏయే సాయంత్రాలు కూడికలకు వెళ్తారో ఇంట్లో ముందే చెప్పి, ఆ రోజు మీ వంతు పని ముగించి వెళ్లండి.